ప్రశ్న మన వాడ ఇవ్వాలి

ఎండాకాలం రాగానే మన వాడల్లోకి డిగ్రీ పిల్లలు దిగుతారు. మెడలో ఐడీ కార్డు, చేతిలో ప్రశ్నల కాగితం. మీ ఇంట్లో ఎంతమంది? చదువుకున్నోళ్లు ఎందరు? మరుగుదొడ్డి ఉందా? గ్యాసు ఉందా? మగవాళ్లు తాగుతారా? మిరపకోత నుంచి వచ్చిన ఆడకూతురు ఇంకా కాళ్లు కూడా కడుక్కోదు, అరుగు మీద కూచోబెట్టి అడుగుతారు. మనవాళ్లు మర్యాదస్తులు. మంచినీళ్లిచ్చి మరీ చెబుతారు. వచ్చినవాళ్లలో కొందరు ఆ నీళ్లు ముట్టరు, బాటిల్ తెచ్చుకున్నాం అంటారు. నాలుగు ఫొటోలు దిగి వెళ్లిపోతారు. మళ్లీ ఆ మొహాలు కనపడవు. ఆ కాగితాల్లో ఏం రాసుకున్నారో, అవి ఎవరి బీరువాలో పడ్డాయో వాడకి తెలియదు.

దీన్నే ప్రాజెక్టు అంటున్నారు.

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో 2020-21 నుంచి వచ్చిన పద్ధతిలో మొదటి ఏడాది అయ్యాక వేసవిలో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారు. ఆ తర్వాత ఇంటర్న్‌షిప్పులు. చివర్లో ఒక సెమిస్టరు మొత్తం దానికే. తెలంగాణలో కూడా చాలా కోర్సుల్లో ఆఖర్న ప్రాజెక్టు రాయాలి. కేంద్రం 2014లో మొదలుపెట్టిన ఉన్నత భారత్ అభియాన్ కింద కాలేజీలు ఊళ్లని దత్తత తీసుకుని సర్వేలు చేస్తాయి. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన పద్ధతిలో నాలుగో ఏడాది పరిశోధన అని ఇంకొకటి ఉంది. పేర్లు వేరు, పని ఒకటే. చదివిన చదువునంతా ఒకచోట చేర్చి, బయట ఉన్న ఒక అసలు సమస్య మీద పెట్టి చూడాలి. చూసింది రాయాలి. రాసింది పెద్దల ముందు నిలబడి చెప్పాలి.

చెప్పడానికి బాగానే ఉంది. జరిగేదేంటి? కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో పోయినేడు రిపోర్టులు కంప్యూటర్లోనే ఉంటాయి. పేరు మార్చి, ఊరు మార్చి, బైండింగ్ చేసిచ్చేస్తారు. కొందరికి ఊరు మార్చడం కూడా గుర్తుండదు. నేను చూసిన ఒక రిపోర్టులో అట్ట మీద ఒక మండలం, లోపల ఇంకో జిల్లా. దానికి మార్కులు కూడా బాగానే పడ్డాయి. ఇక కష్టపడి చేసే పిల్లలు చేసేవి ఎక్కువగా 'అవగాహన' ప్రాజెక్టులు. చేతులు కడుక్కోండి, పిల్లల్ని బడికి పంపండి, చెత్త ఊడ్చుకోండి అని వాడకి చెప్పి రావడం. మూడు రోజులకొకసారి కుళాయి వచ్చే వాడలో చేతులు కడుక్కోమని పాఠం! మనకి తెలివి లేక ఇట్లా ఉన్నామన్నమాట. వాళ్లొచ్చి చెబితే బాగుపడతామన్నమాట. ఊరంతా ఊడ్చేది ఎవరో ఆ పిల్లల్ని పంపిన లెక్చరర్‌కి తెలియదా?

ఈ వ్యాసం ఆ ఊరి పిల్లల గురించి మాత్రమే కాదు. ఎక్కువగా మన పిల్లల గురించే. గవర్నమెంటు డిగ్రీ కాలేజీల బెంచీల మీద ఈరోజు కూచున్నది చాలామంది మన వాడల పిల్లలు. ఇంట్లో మొదటి డిగ్రీ వాళ్లదే. వాళ్లు కూడా అదే షాపుకి పోతున్నారు, అదే రిపోర్టు కొంటున్నారు. ఇక్కడే నా బాధ. ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా వాడు రాసిన ప్రతి పరీక్షలో ప్రశ్న ఇంకెవరో వేశారు, వీడు జవాబు రాశాడు. ప్రశ్నాపత్రం వాడి చేతికే ఇచ్చి 'నువ్వే వేసుకో' అనేది ఈ ఒక్కసారే. ఆ ఒక్కసారిని కూడా జిరాక్సు షాపుకి అమ్ముకుంటే ఎట్లా తమ్ముడూ?

బాబాసాహెబ్ అందరికీ తెలుసు. కులాల పుట్టుక మీద ఆయన మొదటి రచన ఎక్కడ పుట్టిందో అంతమందికి తెలియదు. అది ఒక విద్యార్థి క్లాసులో చదివిన పేపరు. 1916 మే 9న న్యూయార్కులో కొలంబియా యూనివర్సిటీలో, గోల్డెన్‌వైజర్ అనే ప్రొఫెసరు నడిపే మానవశాస్త్రం సెమినారులో చదివాడు. అప్పటికి ఆయనకి పాతికేళ్లు. మరుసటి ఏడు 1917లో అది ఒక పత్రికలో అచ్చయింది. చేరింది ఆర్థికశాస్త్రానికి. విన్న పాఠాలు మాత్రం ఆర్థికం, చరిత్ర, సమాజశాస్త్రం, తత్వం, రాజకీయం అన్నీ. ఆ సెమినారులో ఏ దూరదేశపు తెగ గురించో రాసి మార్కులు తెచ్చుకోవచ్చు, ఎవరూ కాదనరు. ఆయన తనని బడిలో గోనెసంచి మీద కూచోబెట్టిన దాని మీదే ప్రశ్న వేశాడు: ఈ కులం ఎట్లా పుట్టింది, ఎట్లా పాకింది? నూటపదేళ్లు కావస్తున్నా ఆ క్లాసు పేపరు చదువుతూనే ఉన్నారు. ఇంకో మాట, బీకాం పిల్లలు గుర్తుపెట్టుకోండి. ఆయన పీహెచ్‌డీ రాసింది రాష్ట్రాల ఖజానా లెక్కల మీద, లండన్లో డీఎస్సీ రాసింది రూపాయి మీద. డబ్బు ఎక్కడినుంచి వచ్చి ఎక్కడికి పోతుందో తెలియకుండా మాట్లాడలేదాయన.

ఇప్పుడు మన వాడకి రండి. కుళాయి చూడండి.

ఊళ్లో ట్యాంకు ఉంది. ట్యాంకు ఊరి మధ్యనో, ఆసాముల వీధి పక్కనో ఉంటది. పైపు అక్కడినుంచి బయల్దేరి వీధి వీధీ తిరిగి చివర్న మన గూడెంలోకి వస్తది. అందరూ తోడుకున్నాక మిగిలింది మనకి. ఇది అందరికీ తెలుసు. తెలుసు గానీ లెక్క లేదు. అధికారి దగ్గరికి పోయి 'మాకు నీళ్లు రావటం లేదు సార్' అంటే, 'అందరికీ ఒకటే పైపు, ఒకటే నీళ్లు' అంటాడు. నోరు మూతపడతది. అదే ఒక బీఎస్సీ పిల్ల 20 లీటర్ల బకెట్టు, సెల్‌ఫోనులో గడియారం పట్టుకుని పది రోజులు కూచుందనుకోండి. ట్యాంకు పక్క కుళాయి కింద ఆ బకెట్టు ఎన్ని నిమిషాల్లో నిండింది, గూడెం చివర కుళాయి కింద ఎన్ని నిమిషాల్లో నిండింది, నీళ్లు వదిలిన గంటసేపట్లో ఏ వీధికి ఎన్ని బకెట్లు వచ్చాయి అని రాసుకొస్తే అప్పుడా అధికారి ఏం మాట్లాడతాడు? ఇది ఫిజిక్సు. పైపు పొడవు, వంపులు, ఎత్తుపల్లాలు గీస్తే జాగ్రఫీ. ఆ నీళ్లలో ఏముందో చూస్తే కెమిస్ట్రీ. ఫ్లోరైడు లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని దేశంలో ప్రమాణం ఉంది. నల్లగొండ జిల్లాలో ఎముకలు వంగిపోయిన మనుషుల్ని చూసినవాళ్లకి ఆ అంకె విలువ చెప్పక్కర్లేదు. కాలేజీ ల్యాబులో ఆ పరీక్ష చేయొచ్చు. ట్యాంకు ఏ పథకం డబ్బుతో కట్టారు, ఎస్సీ నిధి అందులో ఉందా అని అడిగితే ఎకనామిక్సు. పంచాయతీలో తీర్మానం ఏమని రాశారో చూస్తే పొలిటికల్ సైన్సు. ట్యాంకుకి ముందు మనవాళ్లు ఎక్కడ నీళ్లు తెచ్చుకునేవాళ్లు, ఏ బావి దగ్గర ఎవరు పోస్తే పట్టుకునేవాళ్లు అని ముసలమ్మల్ని అడిగి రాస్తే చరిత్ర.

ఆ చరిత్రలో మహద్ కూడా రావాలి. 1923లో బొంబాయి శాసనమండలి చెరువులు, బావులు అంటరానివాళ్లకి తెరవమని తీర్మానం చేసింది. 1924లో మహద్ మున్సిపాలిటీ సరేనంది. కాగితం మీద చవదార్ చెరువు మనదైపోయింది. నీళ్లు తాగింది మాత్రం 1927 మార్చి 20న, అంబేడ్కర్ వెంట వేలమంది నడిచాక. దాని మీద కోర్టు కేసు తేలేసరికి 1937 అయింది. కాగితానికీ కుళాయికీ మధ్య ఎంత దూరమో కొలవడం ఆరోజు ఎంత అవసరమో ఈరోజూ అంతే.

ఒక్క కుళాయికి ఇన్ని సబ్జెక్టులు! కాలేజీలో గోడలు కట్టి విడదీశారు, ఇది బీఏ, అది బీఎస్సీ, అది బీకాం అని. మన కష్టానికి ఆ గోడలు లేవు. ఈమధ్య పెద్ద పెద్ద యూనివర్సిటీలు సబ్జెక్టులన్నీ కలిపి చదవాలి అని కొత్తగా కనిపెట్టినట్టు చెబుతున్నాయి. కూలివాడి బతుకు ఎప్పుడూ అన్నీ కలిసే ఉంది. అందుకని ఒకే వాడ నుంచి వేర్వేరు గ్రూపుల్లో చదివే నలుగురు పిల్లలు ఒకే ప్రశ్న తీసుకుని, ఎవరి సబ్జెక్టు ముక్క వాళ్లు రాసుకోవచ్చు. కాలేజీకి నాలుగు రిపోర్టులు, వాడకి ఒకటే పుస్తకం.

భూమి సంగతి ఇంకా పెద్దది, ఇంకా జాగ్రత్తగా పట్టుకోవలసింది. ఆంధ్రలో డి-పట్టా అంటారు, తెలంగాణలో లావుణి పట్టా అంటారు. మన తాతలకి ఇచ్చిన భూములు. పట్టా కాగితం ట్రంకుపెట్టెలో ఉంటది, భూమి ఆసామి దున్నుతుంటాడు. 1977 చట్టం ప్రకారం అసైన్డు భూమి అమ్మకం చెల్లదు, తహశీల్దారు తిరిగి అసలువాడికి ఇప్పించాలి. 2006లో కోనేరు రంగారావు భూ కమిటీ ఈ గోడంతా విని రిపోర్టు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో చట్టాన్ని సవరించి, ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూమిని అమ్ముకునే హక్కు పట్టాదారులకి ఇచ్చారు. ఆ హక్కు మీ ఊళ్లో ఎవరి చేతికి చేరింది? అసలు పట్టాదారు మనవడికా, ఎప్పుడో వెయ్యి రూపాయల బాకీ కింద కాగితం రాయించుకున్నవాడికా? ఇది ఒక ప్రాజెక్టు. తెలంగాణలో ధరణి కాలంలో పహాణీలోంచి అనుభవదారు కాలమే ఎత్తేశారు. 2025లో భూభారతి వచ్చింది. ఈ మార్పుల్లో మీ ఊరి లావుణి పట్టాలకి ఏం జరిగిందో 1954-55 ఖాస్రా పహాణీ నుంచి ఈనాటి దాకా వరసగా పెట్టి చూస్తే అది ఇంకో ప్రాజెక్టు.

అయితే ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కుళాయి లెక్క రాస్తే సర్పంచికి కోపం వస్తది, అంతే. సర్వే నంబరు రాసి, దున్నుతున్నవాడి పేరు రాస్తే కోపంతో ఆగదు. కూలి పనులు బందు పెడతారు, దారి మూసేస్తారు, పిల్లాణ్ణి రోడ్డు మీద ఆపుతారు. కాబట్టి భూమి ప్రాజెక్టుకి పిల్లవాణ్ణి ఒంటరిగా పంపొద్దు. ఆడపిల్లల్ని అసలే పంపొద్దు. సంఘం పెద్దలు వెంట ఉండాలి. కాలేజీకి ఇచ్చే కాపీలో మనుషుల పేర్లు తీసేసి అంకెలు వేయాలి, ఎకరాలు మాత్రం ఉండాలి. పేర్లున్న కాపీ సంఘం దగ్గరుంటది, దాన్ని ఎప్పుడు ఏ ఆఫీసులో పెట్టాలో సంఘం చూసుకుంటది. మార్కుల కోసం పిల్లాడి ప్రాణం మీదికి తేవద్దు.

కాగితాలు ఎట్లా వస్తాయి అంటారా? సమాచార హక్కు చట్టం 2005 ఉంది. మన రాష్ట్రాల నిబంధనల్లో గ్రామస్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్లకి అసలు ఫీజే లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు. ఆ ఇవ్వకపోవడాన్ని కూడా రిపోర్టులో రాయాలి. ఏ తారీఖున అడిగాం, ఏ తారీఖున ఏం చెప్పారు, అని ఉన్నదున్నట్టు. అది కూడా పరిశోధనే.

డబ్బు లెక్కలకి బీకాం పిల్లలు ముందుకు రావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో పోరాడి ఎస్సీ, ఎస్టీ సబ్ ప్లాన్ చట్టం తెచ్చుకున్నాం. తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం అయింది. ఆంధ్రలో పదేళ్ల గడువు తీరితే 2023లో ఇంకో పదేళ్లు పొడిగించారు. జనాభా ఎంతో నిధులంత అని చట్టం. మీ మండలంలో ఆ పద్దు కింద ఏమేం పనులు చూపారు, వాటిలో మన వాడలోకి వచ్చినవి ఎన్ని, ఊరందరి రోడ్డులో 'మీ వాటా' అని కాగితం మీద కోసి చూపినవి ఎన్ని? అంతకుమించి ఏమీ అక్కర్లేదు, ఒక మండలం, ఒక ఏడాది చాలు. ఇది మనవాళ్లకి చేతకాని పనేం కాదు. 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ జరిగినప్పుడు మస్టరు రోల్సు పట్టుకుని ఇంటింటికీ తిరిగింది కూలి కుటుంబాల్లో చదువుకున్న పిల్లలే. చచ్చిపోయినవాళ్ల పేరు మీద కూలి ఎత్తిన సంగతి గ్రామసభలో చదివి వినిపించింది వాళ్లే. ఆ పద్ధతిలో గొప్పతనం అంకెల్లో లేదు, ఎవరి దగ్గర అడిగారో వాళ్ల ముందే చదవడంలో ఉంది.

ఇంకా ఉన్నాయి, పొట్టిగా చెబుతా. అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995 నిబంధనల్లో జిల్లా విజిలెన్సు కమిటీ మూడు నెలలకొకసారైనా కూచోవాలని ఉంది. మీ జిల్లాలో గత మూడేళ్లలో ఎన్నిసార్లు కూచుంది, మినిట్సు ఏవి? హాస్టల్ మెస్ చార్జీ ఎంత, బజార్లో బియ్యం పప్పు ధర ఎంత, పిల్లాడి పళ్లెంలో పడేది ఎంత? హోంసైన్సు పిల్లలు తూకం వేసి చెప్పొచ్చు. వాడ శ్మశానానికి దారి ఉందా, వానాకాలంలో శవాన్ని ఎవరి గట్టు మీదుగా మోస్తున్నారు?

తెలుగు, చరిత్ర చదివే పిల్లలు మాకేం పని లేదనుకోవద్దు. మీది తొందరగా చేయాల్సిన పని. జాంబపురాణం చెప్పేవాళ్లు, చిందు భాగవతం ఆడేవాళ్లు ముసలివాళ్లవుతున్నారు. 1985 కారంచేడునీ 1991 చుండూరునీ కళ్లారా చూసిన పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన 'పంచములం కాదు, ఆది ఆంధ్రులం' అన్నప్పుడు మీ ఊరి నుంచి ఎవరైనా పోయారేమో, మీ వాడలో మొదటి బడి ఎవరు పెట్టారో ఏ పుస్తకంలోనూ లేదు. సెల్‌ఫోను ఉంది గదా, రికార్డు చేయండి. చెప్పినవాళ్ల అనుమతి అడగండి, చెప్పినవాళ్ల పేరు పెట్టండి. వాళ్ల మాట వాళ్ల యాసలోనే ఉంచండి. గ్రాంథికంలోకి దిద్ది చంపొద్దు.

ఇక్కడ ఇద్దరు అడ్డం తగులుతారు. ఒకరు తల్లిదండ్రులు. 'ఇదంతా సరే అన్నా, మా వాడికి ఉద్యోగం రావాలి గదా, కంపెనీలో చేస్తే నాలుగు డబ్బులన్నా వస్తాయి' అంటారు. నిజమే. పని నేర్పే కంపెనీ దొరికితే పంపండి, నేను ఆపను. సర్టిఫికెట్టు అమ్మే కంపెనీ అయితే మాత్రం ఆ డబ్బుతో పిల్లాడికి చెప్పులు కొనిపెట్టండి. రికార్డు చదవడం, అంకెలు కంప్యూటర్లో ఎక్కించి పట్టిక గీయడం, నీళ్లు పరీక్ష చేయడం, నలుగురి ముందు నిలబడి చెప్పడం ఉద్యోగానికి పనికిరాని విద్యలా? గ్రూప్ పరీక్షలు రాసేవాళ్లు డబ్బు కట్టి కోచింగులో నేర్చుకునేది అదే గదా.

రెండో అడ్డం బరువైంది. మన చదువుకున్న పిల్లలే అడుగుతున్నారు: 'వాళ్ల పిల్లలు శాటిలైట్ల మీద, మందుల మీద చేస్తారు. మేము ఎప్పుడూ మరుగుదొడ్ల మీద, శ్మశానాల మీదే చేయాలా?' న్యాయమైన ప్రశ్న. ఎస్సీ విద్యార్థి అనగానే 'నువ్వు ఎస్సీ సమస్యలు తీసుకో' అని తోసేసే గైడుల్ని నేను ఎరుగుదును. అది కూడా వాడలోకి నెట్టడమే. లెక్కలంటే ప్రాణం ఉన్న పిల్ల లెక్కలే చేయాలి. జీవకణాల మీద మనసున్నవాడు కణాలే చూడాలి. అంబేడ్కర్ రూపాయి మీద రాయలేదా? నేను చెప్పేది ఒకటే. ఎంచుకునే హక్కు పిల్లాడిది. వాడ ప్రశ్న తీసుకున్నవాడు చిన్నచూపు పడకూడదు, తీసుకోనివాడు ద్రోహి కాకూడదు.

అసలు కులం వాడలో మాత్రమే ఉందా? ఊళ్లో లేదా? వాడ సర్వేకి వచ్చే ఊరి పిల్లలు తమ వీధి సర్వే ఎందుకు చేయరు? మా వీధిలో ఎన్ని ఇళ్లు ఎస్సీలకి అద్దెకిస్తాయి, మా హోటల్లో ఎవరు వండుతారు, మా నాన్న దున్నే పొలంలో అసైన్డు ఎంత, మా ఇంట్లో రెండో గ్లాసు ఎవరికోసం ఉంది? ఈ నాలుగు ప్రశ్నలకి నిజాయితీగా జవాబు రాసిన అగ్రకుల విద్యార్థికి నూటికి నూరు వేయొచ్చు. అట్లాంటి రిపోర్టు నా కంట ఇంకా పడలేదు.

యూజీసీ పద్ధతి మీద కూడా ఒక మాట. నాలుగో ఏడాది పరిశోధన చేయాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలంట. పొద్దున కూలికిపోయి మధ్యాహ్నం క్లాసుకి వచ్చేవాడికి 62 వస్తే వాడు ప్రశ్న అడగడానికి పనికిరాడన్నమాట. వాడికి తెలిసినంత ప్రశ్న 90 వచ్చినవాడికి తెలుసా? విద్యార్థి సంఘాలు దీన్ని పట్టించుకోవాలి.

ఇక సంఘాలు చేయాల్సిన పని. పిల్లలు వాడకి వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. సమాచార హక్కు అర్జీకి నెల పడుతుంది. కాబట్టి ఫిబ్రవరిలోనే వాడలో కూచుని, డిగ్రీ చదివే మన పిల్లలెవరో లెక్క తీసి, ఆడవాళ్లని ముందు కూచోబెట్టి 'మనకి తెలియాల్సింది ఏంటి' అని అడగాలి. వచ్చిన ప్రశ్నల్లోంచి ఒకటి పిల్లలు ఎంచుకుంటారు. మార్చిలో అర్జీలు పోవాలి. బయటి కాలేజీ పిల్లలు సర్వేకి వస్తే తిట్టి పంపొద్దు. ఏ కాలేజీ, గైడు ఎవరు, రిపోర్టు ఎప్పుడు తెచ్చి చదివి వినిపిస్తారు అని మూడు ప్రశ్నలు మనం అడిగి, సంతకం పెట్టించుకుని అప్పుడు జవాబులు చెప్పాలి. మన పిల్లలు రాసింది కాలేజీకి ఇచ్చే ముందు ఒక రాత్రి వాడలో బిగ్గరగా చదవాలి. తప్పులుంటే అక్కడే దిద్దుతారు, బావి తవ్విన సంవత్సరం ముసలాయనకి తెలిసినంత గైడుకి తెలియదు. మూడు కాపీలు తీయాలి. ఒకటి కాలేజీకి, ఒకటి సంఘానికి. మూడోది ఒక కవరింగ్ లెటరు పెట్టి మండలం ఆఫీసులో ఇచ్చి, రసీదు మీద ముద్ర వేయించుకుని రావాలి.